చివరి కార్డు

కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో నాణేలు తవ్వే ఆయన, వేడీ, బిల్లూ తగ్గేలా ఒక్కో కార్డుకూ కరెంటు కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. అది మొరాయించగానే ఒక్క మెట్టు పెంచి, పైన అరచెయ్యి పెట్టి చూస్తాడు. చెయ్యి కాలకపోతే పని కుదిరినట్టే. కీళ్లనొప్పులతో బాధపడే భార్య చలికాలమంతా వెచ్చదనం కోసం ఆ కార్డుల పక్కనే కుర్చీ వేసుకునేది. "గది చల్లబడిపోయిందేంటండీ?" అని ఒకరోజు అడిగింది. "అదేనే నా పనితనం!" అని మురిసిపోయాడు. ఆమె శాలువా కప్పుకుంది.

ఆమె పోయి ఏడాదయింది. "బావా, ఈ చివరిది కార్డా, కుంపటా? కరెంటు తెగ తాగేస్తోంది, సరిచెయ్యవేం?" అన్నాడు బావమరిది. "దాని జోలికి పోకు" అని, ఆయన ఖాళీ కుర్చీని వేడి తగిలేలా దానివైపు జరిపాడు.