నూకమ్మత్త నాకు అప్పజెప్పిన పని

ఆఖరి చూపు కోసం కాదు, అత్తని ఒప్పించడానికే నేను బయల్దేరాను. నూకమ్మ మా నాన్న అక్క. భావనపాడు దగ్గరి చేపల పేటలో ఇరవై ఏళ్లుగా క్రీస్తుని నమ్ముకుని బతుకుతోంది. కిడ్నీలు రెండూ పాడై మంచాన పడింది. ఆమె కొడుకు అప్పన్న బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ బొట్టెట్టుకోకపోతే పాడెకి ఎవులూ బుజం పట్టరంట. పెద్దలు సెప్పీసినారు. నీ మాటింటాది, ఓపాలి రా." చావు జరిగితే ఇంటికొక మగమనిషి వచ్చి పాడె పట్టడం ఆ పేటలో ఆనవాయితీ.

ఇచ్ఛాపురంలో పొద్దున్న ఆరున్నరకి పాసింజరెక్కితే ఎనిమిదిన్నరకి పలాసలో దిగాను. జీడి బట్టీల పొగలోనే నాలుగు ఇడ్లీలు తిని టెక్కలి బస్సెక్కాను. గంట ప్రయాణం, పన్నెండు రూపాయలు. అక్కణ్ణించి భావనపాడుకి షేర్ ఆటో. ఎవరింటికని డ్రైవరడిగితే చెప్పాను.

"కిరస్తానం నూకమ్మా? మొండి మనిషి బాబూ. మా ఇంటిదాని పురిటికి తెల్లార్లూ కూకుంది."

"అయితే రేపు పాడె మోస్తావా?" అన్నాను. అతను హారన్ కొట్టాడు.

పదకొండింటికి ఇల్లు చేరాను. అత్త కాళ్లూ మొహమూ ఉబ్బిపోయాయి. దాహమంటే చెంచాడు నీళ్లతో పెదాలు తడుపుతున్నారు. దారంతా కూర్చుకున్న మాటలు చెప్పాను. "ఒక్క బొట్టే కదత్తా. మనసులో ఏముందో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది, అల్లుడా" అంది.

బావ నన్ను బయటికి పిలిచాడు. "తెలివి తప్పేక మేమే ఎట్టేస్తాం. నాలుగు బుజాలు నేకుండా మాయమ్మని ఎలాగ తీసికెళ్తాను, నువ్వే సెప్పు?" అతని కళ్లల్లో నీళ్లు చూసి, సరేనన్నాను. తాటాకు తడిక అవతల అత్త అంతా వింది. లోపలికెళ్లగానే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వుండు. తెలివి తప్పేక నా నుదురు ఎవులినీ ముట్టనీకు. దేవుడు నన్నొగ్గడు, ఆ బయం నేదు. ఆదివారాలు నాతో పార్దనకి కూకునే ముగ్గురాడోళ్లున్నారు. బొట్టు సూసి, ఆకరికి ఇదీ దేవుణ్ణొగ్గీసిందనుకుంటారు."

ఉంటానత్తా, అన్నాను. మర్నాడు నేను పాఠాలు చెప్పే బడిలో ఇన్‌స్పెక్షన్ ఉంది. ఆమె కునుకు తియ్యగానే నాలుగు గంటల ఆటో ఎక్కేశాను.

మూడో రోజు బావ ఫోన్ చేశాడు. పేటంతా వచ్చిందనీ, సాగనంపడం బాగా జరిగిందనీ చెప్పాడు. "రూపాయంత బొట్టెట్టినాం" అని ఏడ్చాడు. ఆ ముగ్గురూ వచ్చారా అనడిగాను. దూరంగా నిలబడి ఆ నుదురు చూసి, మాటాడకుండా వెళ్లిపోయారట.

నాకు ఆమెకున్నంత నమ్మకం ఏ దేవుడి మీదా లేదు. ఆమెది మూర్ఖత్వమనే అనుకుంటూ వెళ్లాను. తెలివున్నంతసేపూ తన విశ్వాసాన్ని తనే కాపాడుకుంది. ఆ తర్వాతి రెండు రోజులే నాకు అప్పజెప్పింది. నాకు సిగ్గుగా ఉంది, ఇన్నేళ్లయినా తగ్గలేదు. మీరెవరైనా ఆ వైపు ఇలాంటి మనిషిని చూడ్డానికి వెళ్తుంటే ఒక్క సలహా: ఉండమంటే ఉండిపోడానికి రెండు జతల బట్టలు పట్టుకెళ్లండి.