నాకు బద్లీగా వెళ్ళిన మా బాపు

మొన్న సాయంత్రం వరాలా తలావ్ చెరువు దగ్గర నడక ముగించుకొని ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న నా కూతురి కూతురు ఫోన్ పట్టుకొని వెనకే వచ్చి, తమ కాలేజీలో వచ్చే నెలంతా జరగబోయేవన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించింది. వక్తృత్వ పోటీ, సైన్సు ప్రదర్శన, రక్తదాన శిబిరం, ముంబై నుంచి కంపెనీవాళ్ళు వచ్చి పిల్లలను ఎంపిక చేసుకునే రోజు, ఇలా జాబితా చాంతాడంత ఉంది. ఒకప్పుడు నేను చదివిన కాలేజీయే అది, అందుకని ఏమున్నా నాకు వినిపించడం దానికి సరదా. చివర్లో, అభ్యర్థులు స్వయంగా రావాలి, ఒకరి బదులు ఇంకొకరు హాజరైతే చెల్లదు అని ఉందట. "గిది సుత రాయాల్నా అమ్మమ్మా? ఎవరన్న గట్ల పోతరా?" అని అది పకపకా నవ్వింది.

నేను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. మా నాన్న, అదే మా బాపు, అట్లాగే వెళ్ళాడని దానికి ఎన్నడూ చెప్పలేదు.

నా ఈడువాళ్ళకు, అందులోనూ కరీంనగర్ వైపు పల్లెలు వదిలి ముంబై దగ్గరి ఈ భివండీకి సాంచాల మీద బతకడానికి వచ్చినవాళ్ళకు బద్లీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు గానీ, పిల్లల కోసం చెబుతాను. సాంచా, అంటే మరమగ్గం, నడిపే మనిషికి జ్వరమొచ్చినా, ఊళ్ళో చావో పెళ్ళో జరిగినా ఉత్త చేతులతో సెలవు అడిగే వీలు లేదు. తన సాంచాల ముందు ఇంకో మనిషిని నిలబెట్టి మరీ పోవాలి. ఆ నిలబడినవాడే బద్లీ. బద్లీని పెట్టినవాడి జాగా పదిలం, పెట్టనివాడు తిరిగొచ్చేసరికి ఆ సాంచాల మీద వేరే మనిషి ఉంటాడు. ఇందులో దాపరికం లేదు, మోసం లేదు, ఇంకా చెప్పాలంటే మంచి బద్లీని చూపించి పోయినవాణ్ణి సేటు కూడా బాధ్యత తెలిసినవాడని మెచ్చుకునేవాడు. మా నాయనమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు మా బాపు ఆ కంగారులో ఎవరినీ పెట్టకుండా బస్సెక్కాడు, దినాలు చేసుకొని వచ్చేసరికి ఆయన సాంచాలు ఇంకొకరివైపోయాయి, ఆ తర్వాత కొన్ని నెలలు నిజాంపురా పేటలో కార్ఖానా కార్ఖానాకూ తిరిగి జాగా అడుక్కున్నాడు. ఆ దెబ్బ ఆయన జన్మలో మరిచిపోలేదు. నేను ఏ రోజైనా బడికి పోనని మారాం చేసినా, జాగ పోతది బిడ్డా అనే భయపెట్టేవాడు.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ముంబైలో బట్టల నాణ్యత పరీక్షించే ఒక ప్రయోగశాలలో ఏడాది శిక్షణ, ఉండటానికి హాస్టలు, ఆపైన అక్కడే ఉద్యోగం, మా కాలేజీ నుంచి ఇద్దరికి అవకాశం, ఎంపిక పరీక్ష మా ఆవరణలోనే. అప్పట్లో ఆ బోర్డే మా ప్రపంచం, దాని అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఒకరి భుజం మీదుగా ఒకరం చదివేవాళ్ళం. నేను పరుగున ఇంటికొచ్చి చెప్పగానే మా బాపు పడీపడీ నవ్వాడు. బట్టలో చిన్న తప్పు ఉన్నా కూలీ కోసేవాళ్ళ ముందు జీవితమంతా తలవంచిన మనిషి, ఇక తన బిడ్డే తప్పులు పట్టే కుర్చీలో కూర్చుంటుందని ఆయన సంబరం. మా వరుసలో ఉన్న ఇళ్ళన్నిటికీ ఆ వార్త ఆయనే మోశాడు.

పరీక్షకు మూడు రోజుల ముందు నాకు మలేరియా పట్టుకుంది. పరీక్ష రోజు పొద్దున నాకు ఒంటి మీద తెలివే లేదు, మా అవ్వ, అంటే మా అమ్మ, నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుందట. మా బాపు తన సాంచాల మీద ఒక బద్లీని నిలబెట్టి, ఇంటికొచ్చి స్నానం చేసి, పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కా తొడుక్కొని, ఎవరికీ చెప్పకుండా మా కాలేజీకి నడిచి వెళ్ళాడు. ఆ రోజు రెండు బద్లీలన్నమాట, ఆయనకొకరు, నాకు ఆయన.

పేర్లు పిలుస్తున్నారట. నా పేరు రాగానే ఈయన హాజర్ అన్నాడు. గుమాస్తా తలెత్తకుండానే కాగితం ముందుకు తోశాడు, మా బాపు నా పేరు పక్కన వేలిముద్ర వేశాడు. లోపలికి వెళ్ళి రాయమన్నప్పుడు, బిడ్డకు జ్వరం, తగ్గాక అదే వచ్చి రాస్తుందని తన బజారు హిందీలో చెప్పాడట. వాళ్ళు నవ్వుకొని సరే సరే పొమ్మన్నారు. ఆ సరే సరే అనే మాటను మా బాపు సేటు ఇచ్చిన మాటంత గట్టిగా నమ్మాడు.

మధ్యాహ్నం నాకు మెలకువ వచ్చేసరికి ఆయన నా మంచం పక్కన కూర్చొని ఉన్నాడు. "నీ జాగ పోనియ్యలే బిడ్డా, హాజరు ఏసొచ్చిన. జరం తగ్గినంక పోయి రాసుకో" అన్నాడు. మగతలో ఉన్న నాకు ఏమీ అర్థం కాలేదు.

పది రోజుల తర్వాత డాక్టరు చీటీ పట్టుకొని కాలేజీకి వెళ్ళాను. జబ్బు వల్ల రాలేకపోయినవాళ్ళకు రెండో తేదీ ఇచ్చారని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. తీరా ఆ పరీక్ష చూసుకునే సారు హాజరు కాగితం తీసి చూపిస్తే, నా పేరు పక్కన నీలిసిరాలో బొటనవేలు. హాజరైంది, ఏమీ రాయలేదు అని నా లెక్క ఎప్పుడో ముంబై చేరిపోయింది. డిగ్రీ చదివే పిల్ల వేలిముద్ర వేస్తుందా సార్ అని ఏడ్చాను. ఆయనకు సంగతి అర్థమైంది, జాలిపడ్డాడు కూడా, కానీ రెండో తేదీ గైర్హాజరైనవాళ్ళకే అన్నాడు. మా బాపు కదలకుండా ఇంట్లో కూర్చొని ఉంటే నాకు ఆ అవకాశం దక్కేది.

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. ఆయన పని నుంచి వచ్చి గడపలో చెప్పులు విడుస్తూ ఆశగా నా మొహంలోకి చూశాడు. "సదువు రానోనివి నువ్వెందుకు పోయినవ్ బాపూ? నా బతుకు కరాబ్ జేసినవ్" అన్నాను. మా అవ్వ నోరుమూసుకొమ్మని కసిరింది. ఆయన మాత్రం తన బొటనవేలు వైపు చూసుకొని, నీళ్ళ కుండ దగ్గరికి పోయి ఆ వేలు కడుక్కున్నాడు. సిరా ఎప్పుడో పోయింది, అయినా కడుక్కున్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత ఏడాది నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు తల్లిదండ్రులను కూడా పిలిచారు. మా అవ్వ నాతో లోపలికి వచ్చింది. మా బాపు అదే తెల్ల చొక్కా తొడుక్కొని గేటు దాకా వచ్చి, ఎదురుగా ఉన్న పాన్‌డబ్బా పక్కన ఆగిపోయాడు. "నువ్వు పో బిడ్డా. నేను లోపటికొస్తే మల్ల ఏమన్న కరాబైతది" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, నిజంగానే భయపడ్డాడు. నేను చేయి పట్టుకొని లాక్కుపోవలసింది. ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాను.

నేను నిజాంపురాలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, పెళ్ళి చేసుకొని, బాగానే బతికాను. మా బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆనాటి మాటకు తప్పయిందని ఒక్కసారి అనడానికి ఎన్నో ఏళ్ళు చేతిలో ఉండి కూడా, రేపంటూ ఎల్లుండంటూ గడిపేశాను.

నిన్న మనుమరాలితో కాలేజీ దాకా వెళ్ళాను. గేటు దగ్గర గోడకు చిన్న పెట్టె ఉంది, పిల్లలు వేలు ఆనిస్తే పచ్చదీపం వెలిగి హాజరు పడుతుంది. మనుమరాలు సరదాకి నా బొటనవేలు పట్టుకొని ఆనించింది. ఎర్రదీపం వెలిగింది. "నీది చల్తా నై అమ్మమ్మా" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పెట్టె ఆనాడే ఉండి ఉంటే మా బాపు వేలిని తిప్పి పంపేది, నా జాగా నాకు మిగిలేది. ఇప్పటి పద్ధతే మంచిదని ఒప్పుకుంటాను. కానీ మన కోసం ఇంకొకరు స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కొని వెళ్ళి నిలబడే కాలం మాత్రం పోయింది.

పాన్‌డబ్బా ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నేను దాని పక్కన నిలబడి, తప్పు నాదే బాపూ అని పైకే అన్నాను. దుకాణంలోని మనిషి తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ మాట వినవలసిన మనిషికి బద్లీగా నిలబడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు.