మద్దిలేటి కొలవని నలభై మళ్లు

కోయిలకుంట్ల అవతల నల్లరేగడిలో ఉన్న శనగ పరిశోధన క్షేత్రంలో మద్దిలేటిది పందొమ్మిదేళ్ల కొలువు. చదివింది ఏడో తరగతి. మడికి ఐదు మొక్కల చొప్పున, మొదలు దగ్గర కొలబద్ద ఆనించి కొస దాకా ఎత్తు చూసి పుస్తకంలో రాయడం అతని పని. ఒక్కో మడిలో ఒక్కో రకం శనగ. మిషనుతో కోయడానికి వీలుగా నిలువునా పెరిగే రకం ఏదో తేల్చేది ఆ అంకెలే.

"మద్దిలేటి రాసినాడంటే ఇంక చూడబన్లేదు" అనేవాడు పెద్దసారు రాఘవేంద్రప్రసాద్. ఆ మాట చెవిన పడిన రోజు మద్దిలేటి ఇంటికి హుషారుగా పోయేవాడు.

ఆ ఏడు కడప నుంచి శిరీన్ అనే కొత్త శాస్త్రవేత్త వచ్చింది, ఒక డ్రోన్‌తో. అది చేను మీద పావుగంట తిరిగి ఫొటోలు తీస్తే, కంప్యూటరు వాటిని కలిపి ఏ మడిలో మొక్క ఎంతుందో చెప్తుంది. అది చెప్పేది నిజమో కాదో చూడాలంటే అదే రోజు చేత్తో కొలిచిన లెక్కలు కూడా కావాలి.

"వంద మళ్లు ఒక్క రోజులో కావాలన్నా. తోడుకు ఇంకొకర్ని పంపేదా?" అని శిరీన్ అడిగింది.

"ఎందుకమ్మా, నేనుండా కదా" అన్నాడు మద్దిలేటి పౌరుషంగా.

మధ్యాహ్నానికి అరవై అయినాయి. మోకాళ్లు పట్టేశాయి. శనగాకు మీద ఊరే పులుసు పిక్కలకంటుకుని చురచుర మంటోంది. అప్పుడే నెత్తి మీదుగా డ్రోన్ జుమ్మని పోయింది. తాను పొద్దస్తమానం వంగి చేసే పని అది చిటికెలో ముగించుకుని పోతాంటే అతనికి ఒళ్లు మండింది. పైనుంచి అదెట్లాగూ చూస్తాండాది, ఇంక నా బద్ద ఎవరికి కావాల అనుకుని గట్టు మీద కూలబడ్డాడు. మిగిలిన నలభై మళ్లూ కూర్చున్న చోటు నుంచే చూసి, తోచిన అంకెలు రాసేశాడు.

వారం తర్వాత లెక్కలు పోల్చితే అరవై మళ్లు చక్కగా కలిశాయి. నలభై మాత్రం ఎక్కడివక్కడ తేడా. శిరీన్ కెమెరా విప్పి చూసింది, నాలుగుసార్లు మళ్లీ ఎగరేసింది, తొమ్మిది రోజులు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. తప్పు దొరకలేదు. పెద్దసారు ఆమెను పిలిచి, "మద్దిలేటి కొలత తప్పదమ్మా. నీ యంత్రమే బాగాలేదు, తిప్పి పంపించెయ్" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె రెండు టీలు తెచ్చి మద్దిలేటి పక్కన గట్టు మీద కూర్చుంది. "నువ్వు ఉండబట్టి సరిపోయిందన్నా. లేకుంటే ఈ యంత్రాన్ని నమ్మి రైతులకు తప్పుడు రకం ఇచ్చేవాళ్లం."

అతను ఆమె ముఖం చూడలేకపోయాడు. టీ గట్టు మీదే పెట్టేసి లేచాడు. ఇంట్లో భార్య శివజ్యోతి సంగటి పెడితే ముద్ద కెలుకుతూ కూర్చున్నాడు.

"ఒంట్లో బాగలేదా?" అందామె.

"బాగానే ఉండా" అన్నాడు. ఆమెకు కూడా చెప్పుకోలేకపోయాడు.

పొద్దున్నే పెద్దసారు గది ముందు నిలబడ్డాడు. లోపల శిరీన్ కూడా ఉంది.

"సార్, ఆ నలభై నేను కొలవలేదు. గట్టు మీద కూసోని రాసినా."

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమప్పా మద్దిలేటి, ఈ పందొమ్మిదేండ్లలో ఇట్లా ఇంకెన్ని రాసినావు?"

"ఇదొక్కటే సార్. నా బిడ్డల మీద ఒట్టు."

నిజమే చెప్పాడు. కానీ ఆ గొంతు అబద్ధాలకోరుదిలాగే వినిపించింది, తన చెవులకే. సారు బీరువాలోంచి పాత పుస్తకాలు తీయించాడు. మూడేళ్ల లెక్కలు వేరే క్షేత్రాల్లోని అవే రకాల అంకెలతో పోల్చి చూడమని ఆఫీసులో ఇద్దరిని కూర్చోబెట్టాడు. తన చేతిరాత మీద వాళ్లు వేళ్లు పెట్టి గుసగుసలాడుకుంటుంటే కిటికీ బయట మద్దిలేటి చెమటలు కక్కాడు. వాటిలో తప్పు దొరకలేదు. దొరకలేదని ఎవరూ వచ్చి అతనికి చెప్పనూ లేదు.

శిరీన్ తిట్టలేదు. "కాళ్లు నొస్తాండాయని ఒక్క మాట అంటే నేనే వచ్చి కొలిచేదాన్ని కదన్నా" అంది అంతే. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆమె ఆ నలభై మళ్లు తీసేసి అరవైతోనే లెక్క కట్టింది. యంత్రం చెప్పేది సరైందేనని తేలింది, దాన్ని తిప్పి పంపలేదు. ఆ నలభై మళ్లు ఆ రోజు ఎంత ఎత్తున ఉన్నాయో మాత్రం చేత్తో తేల్చుకునే దారి లేదు. పైరు అప్పటికే ఎదిగిపోయింది.

మద్దిలేటిని పనిలోంచి తీసేయలేదు. కొలతల వేళ ఇంకొక మనిషిని తోడు పెట్టమని అతనే అడిగాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించిన రోజు పుస్తకంలో ఆ మడి గడిలో "కొలవలేదు" అని రాస్తాడు. ఎవరూ ఏమీ అనరు. అయినా ఆ ఐదక్షరాలు రాసే ప్రతిసారీ అతని చెవులు వేడెక్కుతాయి.