సముద్రం కోసం ఉయ్యాలలూగిన వేసవి

పరాయి దేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, పిస్కాటవేలో ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఆ రోజుల్లో నాకు చాలా గట్టి నమ్మకాలు ఉండేవి. జిమ్‌కి ఫీజు కడితే చాలు, కండలు వాటంతటవే వస్తాయని ఒకటి. యాభై దాటినవాళ్లు మోకాళ్ల గురించీ మందుల గురించీ తప్ప మాట్లాడరని ఒకటి. సాహసాలన్నీ మా వయసు వాళ్లకే రాసిపెట్టి ఉన్నాయని మరొకటి. (ఈ మూడోది నమ్మడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అప్పటికి నేను చేసిన పెద్ద సాహసం మంచు కురుస్తుండగా కూరగాయలకి వెళ్లి రావడమే.) అవన్నీ పోయాయి. మొదటిది మెల్లగా పోయింది, మిగతా రెండింటినీ మాత్రం ఒకే ఒక్క వేసవిలో మేజర్ ఆంటీ ఊడ్చి పారేశారు.

ఆంటీ మిలిటరీ మనిషి కాదు. అక్కడి హాస్పిటల్లో నర్సు, సొంతూరు కాకినాడ. మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నిలబడి ‘అబ్బాయిలూ, కుర్చీలు మడవండి’ అని ఒక్క మాట అంటే, మనవలున్నవాళ్లు కూడా లేచి మడిచేవారు. అందుకని కుర్రాళ్లం ఆ పేరు పెట్టుకున్నాం. ఆవిడకి తెలియదనే అనుకునేవాళ్లం, నా పుట్టినరోజుకి ఇచ్చిన కార్డు కింద ‘ప్రేమతో, మేజర్’ అని సంతకం చూసేదాకా. అంకుల్ ఏదో మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవారు. చాలా తక్కువ మాట్లాడేవారు. ఆంటీ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఎక్కడైనా ఖాళీ దొరికితే, దాన్ని కూడా వాడుకోకుండా వదిలేసే పెద్దమనిషి.

ఇంతటి ఆంటీకి కారు పడదు. నిజంగానే పడదు. హైవే ఎక్కే వంపు దగ్గర అంకుల్ కాస్త వేగంగా తిప్పితే చాలు, ముఖం పాలిపోయి, చేతిలో ఉన్న నిమ్మకాయ ముక్కుకి చేరేది. ఎక్కడికెళ్లినా ముందు సీటు ఆవిడదే, కిటికీ సగం దించి ఉండాల్సిందే, జనవరి నెలైనా సరే. వెనక కూర్చున్న నేనూ, నా రూమ్‌మేట్ సైలెన్సర్‌గాడూ టోపీలు చెవులదాకా లాక్కుని కూర్చునేవాళ్లం. (వాడిది వరంగల్. గొంతు చూసి పెట్టిన పేరు, సైలెన్సర్ ఊడిపోయిన బండి అని మా ఉద్దేశం.) అలాంటి ఆంటీ ఒక ఆదివారం వాళ్లింట్లో మా ఇద్దరికీ బిర్యానీ వడ్డిస్తూ, మామూలుగా పెరుగు కావాలా అని అడిగినట్టే, ‘ఈ ఎండాకాలం మనం సముద్రంలోకి చేపలు పట్టడానికి వెళ్తున్నాం’ అన్నారు.

అంకుల్ తింటున్న చెయ్యి ఆగింది. ‘నీకు కారే పడదు కదా’ అన్నారు.

‘అందుకే ఇప్పుడే చెప్తున్నాను. ప్రాక్టీస్‌కి టైముండాలి కదండీ.’ తర్వాత మావైపు తిరిగి చెప్పారు. ‘వచ్చినప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం బీచ్‌కి పోతున్నాం రా. ఇసకలో దుప్పటి పరుచుకోడం, పులిహోర తినడం, లోపలికి పోయే బోట్లకి చెయ్యి ఊపడం, ఇంటికొచ్చెయ్యడం. ఎన్నాళ్లని ఊపుతాను? పిల్లల చదువులు అయ్యాయి. నాకు విసుగొచ్చేసింది.’

బోటూ కెప్టెనూ మొత్తం మనకే అయ్యేలా చార్టర్ బుక్ చేసేశాననీ, ఆంటీ, అంకుల్, మేమిద్దరం, మొత్తం నలుగురం వెళ్తున్నామనీ చెప్పారు. మమ్మల్ని అడగలేదు. కుర్చీలు మడవమన్నప్పుడు కూడా అడిగేవారు కాదు కదా. సైలెన్సర్ మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. ‘ఆంటీ, మీరేం ఫికర్ చెయ్యకున్రి. సముద్రం గిముద్రం నాకేం కాదు. మీరు పడిపోతే నేను పట్టుకుంట’ అన్నాడు. నేనూ తలాడించాను. ఆవిణ్ణి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నడిపించుకొస్తున్న దృశ్యం నా కళ్లముందు కదిలింది కూడా.

ప్రాక్టీస్ అంటే ఏమిటో ఆ వారమే తెలిసింది. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే ఫోన్ వచ్చేది, వాళ్లింటి దగ్గరి పార్క్‌కి రమ్మని. అక్కడ పిల్లల ఉయ్యాలలున్నాయి. సముద్రం మీద ఊపు ఎలా ఉంటుందో అలాగే ముందు ఇక్కడ ఊగి, ఒంటికి అలవాటు చెయ్యాలని ఆవిడ సిద్ధాంతం. ‘కిందకి చూడకూడదు. అదిగో, ఆ దీపస్తంభం మీద పెట్టండి చూపు’ అని ఆర్డర్ వేసి, చుడీదార్ చున్నీ నడుముకి బిగించి, మొదట ఆవిడే ఎక్కారు. ఓ పక్క ఆంటీ, ఓ పక్క నేను, మధ్యలో సైలెన్సర్. ఎదురుగా అంకుల్, చేతిలో తెరిచిపట్టుకున్న ప్లాస్టిక్ కవర్‌తో. మొదటిరోజు ఆంటీ కాసేపు ఊగి, దిగి, అంకుల్ దగ్గరికి వెళ్లి ఆ కవర్‌ని వాడుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వచ్చి ఎక్కారు. ఉయ్యాల కోసం వరసలో నిలబడ్డ ఒక తెల్లపాప ‘మీది ఇంకా అవలేదా’ అని విసుక్కుంటే, ‘ఐదు నిమిషాలు బంగారం, నేను సముద్రానికి వెళ్లాలి’ అని ఇంగ్లిష్‌లో బతిమాలారు. ఆ పాప తల్లి మా నలుగురినీ, అంకుల్ చేతిలో కవర్‌నీ మార్చి మార్చి చూసి, పాపని జారుడుబల్ల వైపు తీసుకెళ్లిపోయింది.

రోజురోజుకీ ఆంటీ ఎక్కువసేపు ఊగుతున్నారు. అది చాలదని, బోటు మీద తినాలి కాబట్టి ఊగుతూ ఇడ్లీ తినడం మొదలుపెట్టించారు. ఆ తర్వాత వాంతులు ఆపే మాత్రల సంగతి చూశారు. ఎవరికి ఏ మాత్ర నిద్ర తెస్తుందో ఒడ్డునే తెలుసుకోవాలని, ఒక శనివారం మధ్యాహ్నం మాకు తలో మాత్రా వేసి కూర్చోబెట్టారు. సైలెన్సర్ ‘నాకేం అయితలేదు’ అంటూనే సోఫాలో ఒరిగిపోయి, దీపాలు పెట్టే వేళకి లేచి, టిఫిన్ ఏంటని అడిగాడు. ఆ మాత్ర వాడికి కుదరదని కొట్టేసి, వేరేది తెచ్చారు.

అంకుల్ ఈలోగా ముడులు నేర్చుకుంటున్నారు. గాలానికి దారం కట్టే ముడి ఎలా వెయ్యాలో వీడియోల్లో చూసి, కంటికి కనిపించిన ప్రతిదానికీ వేసేవారు. టీ బ్యాగుల దారాలకి, కర్టెన్ తాళ్లకి, చివరికి గుమ్మం దగ్గర విప్పిన నా బూట్ల లేసులకి. ఆ లేసులు ఇక విడిపోలేదు. ఆ వేసవంతా నేను ఆ బూట్లలోకి చెప్పుల్లోకి దూరినట్టే దూరాను. సైలెన్సర్ ఒక పాత ఫిషింగ్ రాడ్ సంపాదించి, గాలం తీసేసి, చివర సీసపు గుండు కట్టి, మా పార్కింగ్ లాట్‌లో విసరడం ప్రాక్టీస్ చేసేవాడు. ‘నడుంల నుంచి రావాలె బలం’ అని నాకు చూపిస్తూ విసిరిన ఒక విసురుకి గుండు రెండో అంతస్తు బాల్కనీలోకి వెళ్లి, అక్కడ ఆరేసిన దుప్పటిని చుట్టుకుంది. లాగితే దుప్పటి కూడా వచ్చింది. చూడటానికి వచ్చిన అంకుల్ దాన్ని నేలమీద పరిచి, కాసేపు తేరిపార చూసి, ‘సైజు బాగుంది’ అన్నారు. ఆ నెలలో ఆయన నాతో అన్న మాటల్లో అదే పెద్దది.

కెప్టెన్‌కి ఫోన్ చేసి ఏం తేవాలో, ఏం తేకూడదో ఆంటీయే కనుక్కున్నారు. ఆయన అన్నిటికంటే ముందు అరటిపళ్లు తేవద్దన్నాడట. ఆంటీ వెంటనే నర్సు అయిపోయి, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయా, ఊపిరాడదా, ఇంజెక్షన్ దగ్గర పెట్టుకుంటారా అని వరసగా అడిగారు. పాపం ఆయన ఎలర్జీ కాదమ్మా, బోటులో అరటిపండు ఉంటే చేపలు పడవని మా వాళ్ల నమ్మకం అని ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టేశాక ఆంటీ ‘శకునాలు మన ఊళ్లోనే అనుకున్నాను’ అని నవ్వి, ‘మనం నమ్మం. కానీ బోటు ఆయనది. అరటిపండు ఇంట్లోనే ఉంటుంది’ అని తేల్చేశారు.

వెళ్లడానికి రెండురోజుల ముందు, చివరి ప్రాక్టీస్ అని అందరం బీచ్‌దాకా కారులో వెళ్లొచ్చాం. అప్పటికి ఉయ్యాల మీద ఇడ్లీలే కాదు, పూరీ కూర కూడా తినగలుగుతున్న ఆంటీ, తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ ఉంటే తట్టుకోలేకపోయారు. అంకుల్ కారు పక్కకి ఆపారు. ఆంటీ ఒక షాపు ముందు గట్టు మీద కూర్చుని, చున్నీతో ముఖం తుడుచుకుని, ‘నా వల్ల కాదేమోరా’ అన్నారు. ఆ గొంతు మేజర్‌ది కాదు. నేనూ సైలెన్సర్ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అంకుల్ మంచినీళ్లు ఇచ్చి, పక్కన కూర్చుని, ‘మానేద్దామా మరి’ అని నెమ్మదిగా అడిగారు. ఆవిడ నీళ్లన్నీ తాగి, సీసా మూత బిగించి, ‘మానెయ్యడానికి ఇంకా బోల్డంత టైముంది లెండి. ముందు వెళ్లొద్దాం’ అన్నారు. అందులో అర్థమేమిటో మాలో ఎవరికీ తెలియలేదు. కానీ ఆ మాట విన్నాక అందరం లేచి కారెక్కాం.

ఆ శనివారం పొద్దున్నే రేవుకి చేరాం. తెల్లగడ్డం కెప్టెన్ మా సామాను ఒక్కొక్కటే బోటులోకి అందుకుంటూ, సైలెన్సర్ సంచి దగ్గర ఆగి, ఒక పొట్లం బయటికి తీశాడు. కేరళ కొట్లో కొన్న అరటికాయ చిప్స్. ‘పండు వద్దన్నరు. ఇది కాయ’ అని వాదించబోయాడు వాడు. ఆంటీ ఒక్క చూపు చూశారు. వాడు ఆ పొట్లం అక్కడే నిలబడి, ఆదరాబాదరాగా తినేశాడు. ఖాళీ కవర్‌ని కూడా రేవు మీది చెత్తబుట్టలోనే వేయించి, అప్పుడు ఎక్కనిచ్చాడు కెప్టెన్.

బోటు రాతిగట్లు దాటి అసలు సముద్రంలోకి వెళ్లాక జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. మాత్రలు వేసుకున్నా సరే, ముందు నేను వాంతి చేసుకుని పడ్డాను. నన్ను చూసి నవ్విన సైలెన్సర్, అరటికాయ చిప్స్‌తో సహా, తర్వాత పడ్డాడు. అలలు ఆ రోజు పెద్దవేం కావన్నాడు కెప్టెన్. ఉయ్యాల ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగుతుందనీ, సముద్రం ఇంకా చాలా రకాలుగా ఊగుతుందనీ మాకెవరూ చెప్పలేదు. మూడోవారు ఆంటీ. కానీ ఆవిడ గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి అనువైన వైపుకి నడిచి, కానిచ్చి, అల్లంనీళ్లతో పుక్కిలించి, ‘అయిపోయింది. ఇంక పని చూద్దాం’ అంటూ రాడ్ అందుకున్నారు. మమ్మల్ని చూసి వెనక్కి తిప్పమంటారా అని అడిగాడు కెప్టెన్. నేలమీద పడుకున్న మేమిద్దరం పడుకునే చేతులెత్తాం. ఆంటీ వంగి నా మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టి, సైలెన్సర్‌ది కూడా చూసి, ఇద్దరి తలల కిందా తువ్వాళ్లు మడిచి పెట్టి, ‘వీళ్లకేం కాదు. మీరు పోనివ్వండి’ అన్నారు.

చాలాసేపటికి ఆంటీ రాడ్ ఒక్కసారి వంగిపోయింది. వంగడమంటే కొస నీళ్లని తాకేంతగా. దారం చుట్టిన రీల్ కీచుమని అరుస్తోంది. అంకుల్ వెనకనించి ఆవిడ లైఫ్ జాకెట్ పట్టీ రెండు చేతులతో పట్టుకుని కాళ్లు తన్నిపెట్టారు. చేప లాక్కుపోవడం, ఆంటీ దారం చుట్టడం, మళ్లీ అది లాక్కుపోవడం. మధ్యలో ఒకసారి ఆవిడ తల పక్కకి తిప్పి వాంతి చేసుకున్నారు, రీల్ తిప్పే చెయ్యి మాత్రం ఆగలేదు. కెప్టెన్ జాలిపడి, ఇటివ్వండి నేను లాగుతానన్నాడు. ‘వద్దు సర్, ఈ పేషెంట్ నాది’ అన్నారు ఆంటీ. నేను ఎంత కదల్లేని స్థితిలో ఉన్నా, తల పక్కకి తిప్పి చూడకుండా ఉండలేకపోయాను. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి, దవడ బిగించి, మా అమ్మకంటే పెద్దదైన ఆ మనిషి అట్లాంటిక్ సముద్రంతో తాడులాట ఆడుతోంది.

చివరికి వచ్చింది. వెండి రంగు ఒంటి మీద నల్లచారలు, ఆంటీ నడుముదాకా పొడవు. కెప్టెన్ కూడా ఈల వేశాడు. గాలం దగ్గరి ముడి పరీక్షగా చూసి, ఇది ఎవరు కట్టారని అడిగి, అంకుల్‌తో కరచాలనం చేశాడు. తర్వాత కొలబద్ద తీసి కొలిచి, ముఖం అదోలా పెట్టాడు. ఈ జాతి చేప చిన్నదైనా వదిలెయ్యాలట, మరీ పెద్దదైనా వదిలెయ్యాలట. ఇది మరీ పెద్దది. ‘పులుసు పాయె’ అన్న గొంతు నా పక్కనించి నీరసంగా వినిపించింది. బోటు ఎక్కాక సైలెన్సర్ మాట్లాడిన మాట అదొక్కటే. ఇంట్లో ఆంటీ అప్పటికే చింతపండు నానబెట్టి వచ్చారు.

ఆవిడ బాధపడతారనుకున్నాను. కానీ ఎలా వదలాలో చూపించమన్నారు. కెప్టెన్ చెప్పినట్టే బోటు అంచున మోకాళ్ల మీద కూర్చుని, అంకుల్ పట్టీ పట్టుకోగా, రెండు చేతులతో దాన్ని నీళ్లలో ఆనించి పట్టుకున్నారు. దానికి ఊపిరి నిలకడగా అందేదాకా అలా పట్టుకోవాలట. హాస్పిటల్లో ఆవిడ పనిచేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ కాసేపూ చూశాను. అలలు బోటుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాయి, ఆవిడ చేతులు మాత్రం కదల్లేదు. ‘నెమ్మదిగా, కంగారేం లేదమ్మా’ అని దానితో తెలుగులో చెప్తూనే ఉన్నారు. తోక ఒక్కసారి బలంగా కొట్టుకుంది. ఆవిడ చేతులు తీసేశారు. కాసేపు ఆ నీళ్లవైపే చూసి, లేచి, తడి చేతులు చున్నీకి తుడుచుకుని, ‘ఏమండీ, మీరు కూడా ఒకటి పట్టండి, చింతపండు వేస్టవుతుంది’ అన్నారు.

(అంకుల్ పట్టారు. నియమాలకి సరిపోయే చేప. ఆ పులుసు నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. చేపల వేటలో నా పాత్ర అదొక్కటే.)

ఇప్పుడు నేను ఈ దేశానికి అవతలి తీరంలో, రెడ్‌మండ్‌లో ఉంటున్నాను. ఆంటీ, అంకుల్ దక్షిణాన కాపెల్ అనే ఊళ్లో కూతురి ఇంటికి దగ్గర్లో ఇల్లు తీసుకున్నారు. మొన్న ఆంటీ పాత ఫోన్‌లోంచి ఏరి కొన్ని ఫొటోలు పంపించారు. అందులో ఒకటి కెప్టెన్ తీసింది. నడుముదాకా ఉన్న ఆ చేపని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని ఆంటీ, పక్కన పట్టీ వదలకుండా అంకుల్, వెనక ఎర్రటి ఎండలో మెరుస్తున్న నీళ్లు. మా ఆరేళ్ల అమ్మాయి నా భుజం మీంచి వంగి చూసి, ‘హూ ఈజ్ దట్ ఆంటీ? సో స్ట్రాంగ్’ అంది. అవునన్నాను. ‘నువ్వు లేవా డాడీ?’

ఉన్నాను. ఫొటో కింద ఒక మూల, తువ్వాలు పక్కన, సాక్సులు వేసుకున్న రెండు పాదాలు పైకి చూస్తూ ఉన్నాయి. వేలుపెట్టి చూపించాను. ఇరవై నాలుగేళ్ల వయసులోని ఆ పాదాలని చూస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, వాటి మీద కొంచెం ప్రేమా పుట్టింది. ఎంత బడాయితో బయల్దేరాడో, ఎంతటి మనిషి పక్కన పడుకున్నాడో ఆ కుర్రాడికి అప్పుడు సగమే తెలుసు.

అమ్మాయి ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ పాదాలని పెద్దవి చేసి చూసింది. ‘నిద్రపోయావా?’ అని అడిగింది.

‘కొంచెంసేపు’ అన్నాను.