దుమ్ము లేని బగోన

రాష్ట్రం కోసం సమ్మె నడిచిన ఆ రోజుల్లో మా కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి, జనగామ బజారులో మా గిన్నెల దుకాణం కూడా షట్టరు దించుకుని కూర్చుంది. మా ఇల్లు దుకాణం వెనకే. గిరాకి లేక బాపుకు పొద్దు గడిచేది కాదు. టీవీని తెచ్చి గల్లా పక్కన పెట్టుకున్నాడు. అట్లా మేమిద్దరం మధ్యాహ్నం పూట వచ్చే ఒక డబ్బింగ్ సీరియల్‌కు అలవాటు పడ్డాం. అందులో పదహారేళ్ల పిల్ల ఒకతె బడికి పోయి వస్తూనే దొంగతనాలు కనిపెడుతుంటుంది. నాకూ అదే వయసు. తెలివి కూడా అంతే ఉందని అప్పట్లో నా నమ్మకం.

బాపు ఆ సీరియల్‌ను బేరం చూసినట్టు చూసేవాడు. ఆ పిల్ల ఎవరినైనా నిలదీస్తే, తొందరపడిందని పెదవి విరిచేవాడు. బేరంలో ముందు నోరు తెరిచినవాడే నష్టపోతాడన్నది ఆయన చదివిన చదువంతా.

ఆ వారం మాత్రం నాకు సీరియల్ మీద మనసు లేదు. వారం మొదట్లోనే మానుకోటలో అమ్మమ్మకు బాగాలేదని కబురొస్తే, అమ్మా బాపూ దొరికిన బండి పట్టుకుని పోయారు. పోతూ పోతూ బాపు దుకాణం తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మా బజారులో ఆడపిల్ల చేతికి తాళంచెవి ఇచ్చిన తండ్రి అప్పటిదాకా లేడు. దాని కోసం నేను ఏడాదిగా బేరమాడుతున్నాను. షట్టరు ఎత్తొద్దు, ఎవరు ఏది అడిగినా ఇయ్యొద్దు అని రెండే షరతులు పెట్టాడు. ఒక్క రోజులో రెండూ తప్పాను.

మా కాలేజీ పిల్లలు వచ్చి, హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నాం, వంటకు పెద్ద బగోన కావాలన్నారు. రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి వండి, బండ్లు కదలకుండా అక్కడే కూర్చుని తినడం అప్పుడు అన్ని ఊళ్లలో జరిగేదే. ఊరికే ఇస్తే దుకాణందారు బిడ్డ అనిపించుకోనని నేనూ షరతులు పెట్టాను. మసి అంటకుండా అడుగుకు తడిమన్ను పూయాలి, సాయంత్రానికి తిరిగి రావాలి, మొదటి విస్తరి నాకే వేయాలి. వాళ్లు అన్నిటికీ సరే అన్నారు. అడిగినదానికల్లా తల ఊపే గిరాకిని నమ్మొద్దని బాపు ఎన్నోసార్లు చెప్పాడు. నేను మాత్రం గెలిచాననుకున్నాను.

మొదటి విస్తరి నాకే వేశారు. మన్ను మాత్రం పూయలేదు. కొత్త సిల్వర్ బగోన కర్రె బొగ్గై వచ్చింది, లోపల అడుగంటిన కిచిడీ. నేను బూడిదతో, నిమ్మచెక్కలతో, ఇటుక పొడితో చేతులు మండేదాకా తోమాను. కొత్త ధర చీటీ అంటించి పై వరుసలో ఎప్పటిచోటే పెట్టాను. రెండో రోజు అమ్మను అక్కడే ఉంచి బాపు తిరిగొచ్చాడు. తాళంచెవి అడగలేదు. అది నా దగ్గరే ఉంటే చాలనుకున్నాను, బగోన సంగతి బయటపడితే అది ఉండదనీ తెలుసు.

ఆయన వచ్చిన రెండు రోజులకు సీరియల్‌లో ఏం జరిగిందంటే, బడిలో పోయిన పెట్టె కోసం వెతుకుతున్న పిల్లకు గుర్తులన్నీ తన తండ్రి వైపే చూపిస్తాయి. రుజువు జేబులో పెట్టుకుని అన్నానికి కూర్చుంటుంది. తండ్రి వడ్డిస్తుంటాడు. ఆయనకూ అనుమానం తగిలినట్టే ఉంటుంది. ఇద్దరూ మాట్లాడరు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. భూపాలపల్లి బొగ్గుబాయిల్లో కూడా ఎవరూ పనికి దిగడం లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పే నాథుడు లేడు.

నేను లోపలి తాళం తీస్తే బాపు లేచి షట్టరు జానెడు ఎత్తాడు. వెలుగు వచ్చింది.

"ఆ పిల్ల అడుగుతదంటవా, బిడ్డా?"

"అడుగది బాపూ. ఆయననే చెప్పనిస్తది."

"ఆయనెందుకు చెప్తడు? గిరాకి అడగందే మనం ధర చెప్తమా?"

బాపు పై వరుస వైపు చూసి, ఆ బగోన జర దించమన్నాడు. పక్కనున్నది దించాను. అది కాదన్నాడు. అప్పుడు నేనూ తలెత్తి చూశాను. దుకాణం మూతపడి వారాలైంది, గిన్నెలన్నిటి మీదా వేలితో పేరు రాయగలిగేంత దుమ్ము. ఆ వరుసలో ఒకే ఒక్కటి అద్దంలా మెరుస్తోంది. నేను తోమిన తోముడు అది.

జరిగినదంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారే అడ్డమొచ్చాడు, కిచిడీలో ఉప్పు సరిపోయిందా అని.

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితె ఇయ్యవు గద, బాపూ."

"ఇయ్యను. కని అడగాలె గద."

ఆ తర్వాత చెయ్యి చాపాడు. తాళంచెవి తీసి అందులో పెట్టాను.

కరెంటు వచ్చేసరికి సీరియల్ అయిపోయి ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. బాపు టీవీ ప్లగ్గు తీసి, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్‌ది పెట్టాడు. బగోనను ఒడిలో పెట్టుకుని అంచు కింద నా పేరు కొట్టాడు. పేరు పడిన గిన్నెను ఏ దుకాణమూ వాపసు తీసుకోదు. అందుకని అది నా మొహానే మిగిలింది.

పది రోజులకు కాలేజీ పిల్లలు ఇంటి వైపు నుంచి మళ్లీ వచ్చారు. ఈసారి గల్లా ముందు బాపు ఉన్నాడు. బగోన ఆయనను అడిగారు.

"నాదెక్కడిది? దాని మీద పేరు చదువుండ్రి. ఆమెనే అడుగుండ్రి."

ఈసారి ఒక్కటే షరతు పెట్టాను, మన్ను నా కళ్లముందే పూయాలి. వాళ్లు గొణిగారు, టైము లేదన్నారు, సగం అడుగుకు పూస్తామన్నారు. ఇది అసలు బేరమని నాకు ధైర్యం వచ్చింది. చివరికి అడుగంతా పూశారు. బాపు అంతసేపూ పేపర్లోంచి తల ఎత్తలేదు. బగోన బయటికి తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం తాళంచెవి గల్లా మీదుగా నా వైపు జరిపాడు.

షట్టరు నేనే ఎత్తాను, నేనే దించాను. సాయంత్రం ఆయన తాళంచెవి అడగలేదు. నేనూ ముందు నోరు తెరవలేదు.