ఉచిత కాయిన్లకు అమ్మ ముఖం

తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తాను. గది అడిగిన ప్రతివాళ్ల దగ్గరా ఆధార్ తీసుకుని, జిరాక్స్ తీసి, కెమెరా ముందు నిలబెట్టి ఫొటో తీయడం నా ఉద్యోగం. మా ఊళ్లో ఆధార్ ఇవ్వడమంటే స్టాండులో చెప్పులు ఇచ్చినంత మామూలు. అయినా ఎవరైనా కార్డు కౌంటర్ మీద మరిచిపోతే, "ఆ మాత్రం జాగ్రత్త లేదా?" అని గట్టిగానే అనేదాన్ని. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడిందన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది.

నాతో పనిచేసే అమ్మాయి నన్నొక ఫోన్ గ్రూపులో చేర్చింది. కొత్త క్రిప్టో కాయిన్ ఏదో వస్తోందట, ముందు చేరినవాళ్లకు కొన్ని ఉచితంగా పంచుతారట. ఉచితమంటే ఫినాయిలైనా తాగే రకం మనం. నా కార్డు, నా ముఖం ఇచ్చి నా వాటా తెచ్చుకున్నాను. మనిషికి ఒక్కసారే అన్నారు. ఇంట్లో ఇంకో మనిషి ఉంది కదా అనుకున్నాను. ఆ మనిషి అమ్మ.

నా కూతురి జ్వరం తగ్గిందని మొక్కు తీర్చుకుని అమ్మ అప్పుడే కొండ దిగి వచ్చింది. నున్నటి గుండు. కార్డులో కొప్పుతో ఉన్నామె, ఎదురుగా గుండుతో ఉన్నామె ఒకరేనని ఆ యాప్ ఎంతకీ ఒప్పుకోలేదు. కళ్లార్పమంది, తల తిప్పమంది, చివరికి కాదు పొమ్మంది. గ్రూపులో సాయం చేస్తానని ముందుకొచ్చిన ఒకతను, కార్డు గడ్డం కింద పట్టించి, కొన్ని మాటలు చెప్పించి, వీడియో పంపమన్నాడు. మాటలు కూడా అతనే పంపాడు, చక్కటి తెలుగులో: "నా ఇష్టపూర్వకంగా ఖాతా తెరుస్తున్నాను. నా పత్రాలు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను." అవి ముందే అంత సిద్ధంగా ఎందుకున్నాయని నాకు తోచలేదు. తోచనందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అమ్మ తలమీద కొంగు కప్పుకుంది. అది చూసి, కొంగు తీయించి మళ్లీ పంపమన్నాడతను.

"ఎవురు సూస్తారు పాపా దీన్ని?"

"ఎవురూ సూడరు మా. ఫోనే కదా."

పూజారి వెంట సంకల్పం చెప్పినట్టు, అర్థం అడక్కుండా చెప్పింది.

కాయిన్లు తెర మీద కనిపించాయి. వారం తిరక్కుండా గ్రూపే మాయమైంది. రెండు రోజులు తిట్టుకుని, పోయిందేముందిలే అని ఊరుకున్నాను.

అమ్మ జుట్టు చెవుల దాకా పెరిగాక, ఒక మధ్యాహ్నం మా స్టేషన్ కానిస్టేబుల్ వేరే రాష్ట్రం పోలీసులిద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. పూతలపట్టులో మా పాత చిరునామాతో సహా అమ్మ వివరాలన్నీ వాళ్ల కాగితంలో ఉన్నాయి. అమ్మ పేరు మీద ఖాతాలు తెరిచి, మోసపోయిన వాళ్ల డబ్బు వాటి గుండా దాటించారట. ఇంకా ఎక్కడెక్కడ తెరిచారో వాళ్లకే తెలియదట. ముద్దాయిల్లో అమ్మ పేరుంది. ఇదీ రుజువు అని ఫోన్ మా ముందు పెట్టారు.

తెర మీద గుండుతో అమ్మ, ఒప్పుకుంటున్నానని చెబుతోంది. ఎదుట కూర్చున్న అమ్మ గబగబా కొంగు తల మీదికి లాక్కుంది.

"ఇది నువ్వేనా మా?" కానిస్టేబుల్ అడిగాడు.

"నేనే సార్."

"ఎవురు తీసినారు?"

నా ఉద్యోగం, నా బిడ్డ, అవే కళ్లముందు తిరిగాయి. అమ్మ నావైపు చూడలేదు.

"నేనే తీసుకున్నాను సార్. అప్పుడు ఇంట్లో ఎవురూ లేరు."

అమ్మకు ఫోన్ ఎత్తడం తప్ప మరేదీ రాదు. వచ్చినవాళ్లలో ఒకతను వీడియోను చివరిదాకా నడిపించాడు. అందులో నా గొంతు వినిపించింది: "ఇంగొకసారి చెప్పు మా, కొంచెం నవ్వుతా."

అందరూ నావైపు తిరిగారు.

"అది గూడా నేనే సార్," అంది అమ్మ.

తీసింది నేనేనని చెప్పాను, కానీ వెంటనే కాదు. ఆ ఆలస్యం గురించి అమ్మ ఇప్పటిదాకా ఒక్క మాట ఎత్తలేదు. కేసులో మాత్రం ఆమె పేరు అలాగే ఉంది.