నేను కడిగేసిన పుట్టగొడుగులు

ఒక పంటను నాశనం చెయ్యాలంటే తుపాను రావాలి, పురుగు పట్టాలి అనుకుంటాం. అక్కర్లేదండీ. నాలాంటి పట్టుదల గల కోడలు ఒక్కతి చాలు.

సెల్‌ఫోన్ చేతిలో ఉండటమే గొప్పగా ఉన్న రోజులవి. పెళ్ళై అనకాపల్లి వచ్చిన కొత్తలో, పుట్టగొడుగుల పెంపకం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళాను. రెండోరోజు మధ్యాహ్నం మాస్టారు విత్తనం గురించి చెబుతుంటే నాకు కమ్మటి కునుకు పట్టింది. అయినా సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ ధైర్యంతో, నెల తిరక్కుండానే పుట్టగొడుగుల కూర పెడతానని మా చర్చి ఆడవాళ్ళందరినీ ఒక ఆదివారం భోజనానికి పిలిచేశాను.

మునగపాక నుంచి వరిగడ్డి తెప్పించి, కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టాను. విత్తనాల ప్యాకెట్టు విప్పాను. జొన్నగింజలు, వాటినిండా దూదిలాంటి తెల్లటి బూజు.

"పాడైపోయిన సరుకు అంటగట్టేరు అత్తా," అన్నాను.

"మరి తిరిగిచ్చీ," అంది మా అత్త మరియమ్మ.

"అక్కర్లేదు. నేను బాగు చేత్తాను."

మూడు నీళ్ళు పోసి రుద్ది కడిగాను. గింజలు ముత్యాల్లా తేలాయి. గడ్డితోపాటు వరసలుగా సంచుల్లో కూరి, చీకటిగదిలో వేలాడదీసి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చిలకరించాను. వారాలు గడిచాయి. గడ్డి నల్లబడింది. గది పశువులశాలలా కంపు కొట్టింది.

"ఏటే, ఏటైనా మొలిసిందా?" అనేది అత్త, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"వత్తాయి అత్తా. ఓపిక పట్టాలి."

భోజనాల ముందు శుక్రవారం నాటికి ఓపిక నాకే అయిపోయి, మాస్టార్ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన సంచి విప్పి, గింజను వేళ్ళతో నలిపి చూశారు.

"దీని మీద తెల్లగా ఉండాలి కదమ్మా. ఏటైంది?"

"బూజండీ. శుభ్రంగా కడిగేసేను."

ఆయన గింజను తిరిగి సంచిలో పడేశారు. "ఆ బూజే విత్తనమమ్మా. జొన్నలు దానికి ఇల్లు. మీరు కాపురం ఉన్నోళ్ళని కడిగి పారేసి, ఖాళీ ఇల్లు నాటేరు."

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు. విత్తే మురిక్కాలవలో పోసిన మనిషికి సామెత కూడా దొరకదు. అయినా ఊరుకున్నానా? ఆ సాయంత్రమే కొత్త ప్యాకెట్టు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ విడత గుత్తులు గుత్తులుగా వచ్చాయి, మిరియాలేసి వేపితే గిన్నె నాకేశారు. కానీ అవి రావడానికి నెల పట్టింది, ఎల్లుండి ఆదివారం భోజనం అన్నాళ్ళు ఆగదు కదా.

ఆదివారం అందరి విస్తళ్ళలోనూ వంకాయ కూర పడింది. ఓ పెద్దావిడ వేలితో కూర కెలికి, "పుట్టగొడుగులేవమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఇంట్లో బూజు దులపమంటే మా కోడలు రేపంటాది. రేపడిగితే ఎల్లుండంటాది. ఉంచాల్సిన బూజు ఒక్కటుంటే, దాన్ని మాత్రం మూడు నీళ్ళెట్టి కడిగేసింది."

నవ్వులకి విస్తళ్ళు ఎగిరాయి. నేను అక్కడే, చేతిలో గరిటెతో, గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: బతికుండగా ఇంక ఏ బూజు జోలికీ పోను. ఇన్నేళ్ళైనా మాట తప్పలేదు. నమ్మకం లేకపోతే మా ఇంటికొచ్చి మూలలు చూసుకోండి.